కోళ్ల కంచె కింద తవ్వకుండా: మెష్ పాతాలా, పరచాలా?

మెష్ (ఇనుప తీగ వల) ఎంత లోతు పాతాలి, అడుగు చాలా, రెండడుగులు కావాలా? పెరట్లో కోళ్లకు కంచె కట్టేవాళ్లు పదేపదే అడిగేది ఇదే. పాతడం ఎలాగూ ఖాయం, ఇక లోతే తేలాలి అన్నట్టుంటుంది ఆ అడగడం. లోతు సంగతి తర్వాత. తవ్వే జంతువు ఎక్కడ మొదలుపెడుతుందో ముందు చూడాలి.

కుక్క గానీ నక్క గానీ కంచె దాకా వచ్చి, ముక్కు ఆనించి వాసన పట్టి, మెష్ నేలను తాకేచోటే పంజా వేస్తుంది. అక్కడ తీగ తగిలితే కాస్త పక్కకు జరిగి మళ్లీ కంచె మొదట్లోనే గోకుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి సొరంగం తీయాలన్న లెక్క మామూలుగా దానికి తట్టదు. పాతిన మెష్ దాన్ని తవ్వనిచ్చి లోపలెక్కడో ఆపుతుంది. కంచె బయట నేల మీద పరిచిన మెష్ మొదటి గోకుడుకే ఆపేస్తుంది. అందుకే నా మొగ్గు పరచడం వైపు.

పాతడంలో ఉన్న బరువు ముందు చూద్దాం. 10 అడుగులకు 15 అడుగుల ఆవరణ అనుకుంటే చుట్టుకొలత 50 అడుగులు. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకమంటే 100 ఘనపుటడుగుల మట్టి తీసి, మళ్లీ పూడ్చాలి. పూడ్చిన మట్టి కొన్ని నెలల పాటు గుల్లగానే ఉంటుంది. అంటే పెరడు మొత్తంలో తవ్వడానికి తేలికైన నేలను కంచె వెంబడి మనమే తయారుచేసి పెట్టినట్టు. పాతేవాళ్లు ఆరేసి అంగుళాల మట్టి వేస్తూ, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టుకుంటూ రావాలి. మెష్ కింది కొసలో చివరి ఆరు అంగుళాలు బయటి వైపుకు వంచాలి.

తుప్పు ఇంకో గొడవ. పైన గాలి, కింద తడి మట్టి కలిసే ఆ గీత దగ్గరే జింకు పూత ముందు పోతుంది. కోళ్ల రెట్ట చేరితే మరీ తొందరగా పోతుంది. పైన మెష్ కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపలిది గట్టిగానే ఉంటుంది, మధ్యలో గీత వెంట మాత్రం తెగిపోయి ఉంటుంది. బాగుచేయాలంటే కందకం మళ్లీ తవ్వాల్సిందే. పరిచినదీ తుప్పు పడుతుంది గానీ, మట్టి కాలితో తోస్తే కనిపిస్తుంది, పాడైన చోట మరో ముక్క వేసి కట్టొచ్చు.

పాతడమే మేలైన చోట్లూ ఉన్నాయి. కంచె బయట రెండడుగుల జాగా లేనప్పుడు, అది నడిచే దారి అయినప్పుడు, మేకులు నిలవనంత వదులు ఇసుక అయినప్పుడు పాతండి.

పరిచే పద్ధతిలో గెలుపోటములు తేలేది మడత దగ్గర. 3 అడుగుల వెడల్పు మెష్ చుట్టను పొడవునా ఎల్ ఆకారంలో వంచాలి. ఒక అడుగు కంచెకు ఆనుకుని నిలువుగా, రెండడుగులు బయటికి నేల మీద. చెక్క అంచు మీద పెట్టి ఇంకో చెక్కతో నొక్కితే మడత తిన్నగా వస్తుంది. నిలువు మెష్ వేరు, నేల మెష్ వేరుగా తెచ్చి ఆ మూలలో తీగతో కుట్టేవాళ్లున్నారు. జంతువు గోకేది అక్కడే, తుప్పు పట్టేది అక్కడే, అతుకు కూడా అక్కడే పెడితే ఇంక ఏం నిలుస్తుంది? ఒకే ముక్కగా వంచితే అతుకు అడుగు ఎత్తుకు పోతుంది. అక్కడ కంచె మెష్ మీద 4 అంగుళాలు ఎక్కేలా పెట్టి, నాలుగేసి అంగుళాలకు ఒకచోట బైండింగ్ తీగ బిగించాలి. చెక్క గుంజలకైతే వెడల్పు వాషర్లతో స్క్రూలు వేయాలి. స్టేపుల్ పిన్నులను కుక్క లాగితే ఊడొస్తాయి.

పరిచే ముందు గడ్డి మొదలంటా కోసి, గుంటలు పూడ్చాలి. మెష్ కింద బోలు ఉంటే పంజా దూరుతుంది. 6 మి.మీ. కడ్డీని అడుగు పొడవు ముక్కలు చేసి, పైన వంకె తిప్పి మేకులుగా దించండి. బయటి అంచున అడుగుకొకటి, మధ్యలో రెండడుగులకొకటి. అంచును రెండంగుళాల లోతుకు దింపి మట్టి కప్పాలి, లేకపోతే కుక్క గోరు తగిలించి చాపలా ఎత్తేస్తుంది. గడ్డి మెష్‌లోంచి మొలిచాక వేర్లే దాన్ని నేలకు కుట్టేస్తాయి. అప్పటిదాకా వారానికోసారి, పెద్ద వాన పడ్డాక తప్పకుండా అంచులు చూడాలి.

నాలుగు మూలలనూ మరిచిపోతారు. తిన్నని పట్టీలు వేస్తే ఒక్కో మూలలో 2 అడుగుల చదరం ఖాళీ మిగులుతుంది. రెండున్నర అడుగుల చదరపు ముక్కలు కోసి కప్పండి. మూలలూ అతుకులూ కలిపి పై ఆవరణకు 50 అడుగుల చుట్ట చాలదు, 65 దాకా పడుతుంది. గేటు ముందు కూడా మెష్ ఆగకూడదు, గడప కిందుగా సాగాలి. అక్కడ కాలికి తగలకుండా పైన పలకలు పరవండి. గేటుకూ గడపకూ మధ్య సందు అరంగుళం దాటితే ముంగిసను పిలిచినట్టే. అది తవ్వే కష్టం కన్నా సందు వెతుక్కునే సుఖమే ఎక్కువగా చూసుకుంటుంది.

మెష్ విషయంలో అరంగుళం గడి, 19 గేజ్, వెల్డింగ్ చేశాక జింకు పూత వేసినది తీసుకోండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. ఆరు పలకల గళ్ల చికెన్ మెష్ కోళ్లను లోపల ఉంచడానికే, కుక్కను బయట ఉంచడానికి పనికిరాదు.

ఎలుకలు, పందికొక్కుల దగ్గర మాత్రం పాతినా పరిచినా భరోసా లేదు. అవి కన్నం ఎక్కడో దూరంగా మొదలెట్టి లోతుగా వస్తాయి. వాటికి ఆవరణను కాదు, రాత్రి గూటిని బిగించాలి. గూటి నేల అడుగున్నర ఎత్తులో ఉండాలి, గాలి సందులన్నిటికీ అరంగుళం మెష్ ఉండాలి, చీకటి పడేలోగా దాణా తీసేయాలి.

ఇక మిగిలినవి. కాంక్రీటు గోడకట్టు అన్నిటికన్నా గట్టిదే, కానీ ఆవరణను జరపలేరు, నీళ్లు బయటికి పోయే దారి ముందే వదలాలి. ఆవరణ అడుగంతా మెష్ పరిస్తే కోళ్లు గీరుకుంటూ తీగ దాకా చేరి కాళ్లు కోసుకుంటాయి, పారతో రెట్ట ఎత్తడమూ కుదరదు. కరెంటు తీగ (ఇంటి కరెంటు నేరుగా ఇచ్చేది కాదు, కంచెల కోసం అమ్మే షాక్ యంత్రంతో నడిచేది) కంచెకు అడుగు బయట, నేల నుంచి 6 నుంచి 8 అంగుళాల ఎత్తులో ఒకటి బాగా పనిచేస్తుంది, గడ్డి తగలనంత కాలం. ఎండిపోయిన నేలలో షాక్ తగ్గిపోతుంది, ఎర్త్ కడ్డీ చుట్టూ నీళ్లు పోస్తుండాలి. కంచె వెంట రాళ్లు పేర్చడం ఒక్క రాత్రి గండం గడవడానికి పనికొస్తుంది. కుక్క చిన్న రాయిని దొర్లించేస్తుంది.