గోలీల ఆట దగ్గర ఆగిపోయాను: ‘స్క్విడ్ గేమ్’ తొలి సీజన్

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ కొరియా ధారావాహికను అనంతపురంలో, మా ఇంట్లో, చాలా ఆలస్యంగా చూశాను. అప్పుల్లో మునిగిన 456 మంది 4,560 కోట్ల వోన్ల కోసం పిల్లల ఆటలు ఆడతారు, ఓడితే చావే.

తొమ్మిది భాగాల్లో ఆరవది నన్ను కదలనివ్వలేదు. జతగా ఎంచుకున్నవారినే ఓడించవలసిన గోలీల ఆటలో, తనను నమ్మిన అలీని సాంగ్‌వూ మోసగించి గెలుస్తాడు. బయట తనకంటూ ఎవరూ లేని జియంగ్ అనే అమ్మాయి మాత్రం గోలీని కావాలనే జారవిడిచి సేబ్యోక్‌కు బతుకునిస్తుంది. వడ్డీ కట్టలేని రైతులు ఊళ్లో తల దించుకొని నడవడం చూస్తూ పెరిగిన నాకు, మనిషి విలువ ప్రోనోటు మీది అంకె కాదని ఆ అమ్మాయి, ఏ ఉపన్యాసమూ లేకుండానే, చెప్పినట్టనిపించింది.

ఈ ఆటల్ని వినోదంగా చూడటానికి వచ్చే, ముసుగులు తొడుక్కున్న ధనవంతుల సన్నివేశాలు మాత్రం తేలిపోయాయి. రక్తపాతం ఎక్కువ గనుక పిల్లల్ని పడుకోబెట్టాకే చూడండి.