డీఎస్ 3231 గడియారం మంచిదే, ఆ 201 రెసిస్టరు పీకేశాకే

డీఎస్ 3231 అంటే కరెంటు పోయినా బటన్ సెల్ మీద వేళ లెక్కపెట్టే గడియారం చిప్పు. అది ఉండే నీలం రంగు జెడ్ఎస్-042 బోర్డు కొన్నవాళ్లు సెల్ పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. బోర్డు మీద 201 అని రాసున్న చిన్న రెసిస్టరును సోల్డరింగ్ ఐరన్‌తో పీకేయాలి. రెండు వేసవులు వాడాక కూడా ఈ బోర్డు గీసినవాళ్ల మీద నాకు కోపం తగ్గలేదు. ఇంత మంచి చిప్పు పక్కన అలాంటి చార్జింగ్ సర్క్యూట్ ఎలా పెట్టారో అర్థం కాదు.

వాడకం అనంతపురం దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో. బోరు స్టార్టర్ పక్కనే ఇనప డబ్బా, అందులో ఆర్డునో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, అది గడియారంలో వేళ చూసి డ్రిప్పు వాల్వులు తెరుస్తుంది. వ్యవసాయ ఫీడరులో కరెంటు రోజుకు తొమ్మిది గంటలే. మిగతా పదిహేను గంటలు గడియారం బతికేది బటన్ సెల్ మీదే. అంటే ఇక్కడ సెల్‌కు నిజంగా రోజూ పనుంటుంది.

బోర్డులో జరిగేది ఇది. 5 వోల్టుల లైను నుంచి ఒక 1ఎన్4148 డయోడు, ఒక 200 ఓమ్‌ల రెసిస్టరు (201 అని రాసున్నది ఇదే) మీదుగా సెల్‌కు దారి ఉంటుంది. డయోడులో 0.6 పోతే, 3 వోల్టుల సీఆర్2032 బటన్ సెల్‌కు ఎదురుగా 1.4 వోల్టులు మిగులుతాయి. 200తో భాగిస్తే 7 మిల్లీ ఆంపియర్లు. చార్జ్ చేయకూడని సెల్‌లోకి కరెంటు ఉన్నంతసేపూ అది ఎక్కుతూనే ఉంటుంది. మొదటి వేసవిలో సెల్ ఉబ్బి హోల్డరును పైకి తోసింది, కారిన రసం చుట్టుపక్కల రాగిని పచ్చగా చేసింది. చార్జయ్యే ఎల్ఐఆర్2032 పెడితే సరిపోతుందని కొందరంటారు. దానికి హద్దు 4.2 వోల్టులు. నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది, డయోడులో పోయే వోల్టేజీ కూడా తగ్గుతుంది, సెల్ 4.2 దాటి పైకి పోతుంది. లిథియం అయాన్ సెల్‌ను ఎండలో ఉడికే డబ్బాలో అలా ఉంచమని నేను చెప్పను.

సెల్ పోయిన సంగతి వెంటనే తెలియకపోవడం ఇంకా చెడ్డది. కరెంటు ఉన్నంతవరకు వేళ సరిగ్గానే చూపిస్తుంది. పోయి వచ్చాక మాత్రం 2000 జనవరి 1, అర్ధరాత్రి నుంచి మొదలవుతుంది. ఉదయం తొమ్మిదికి కరెంటు వస్తే, ఆరింటికి తెరవాల్సిన వాల్వు మధ్యాహ్నం మూడింటికి తెరుచుకుంటుంది. కరెంటు రెండు విడతలుగా వచ్చిన రోజు గడియారం ఆరు దాకా వెళ్లనే వెళ్లదు, ఆ వరస చెట్లకు నీళ్లే లేవు.

రెసిస్టరు తీశాక సెల్ పెట్టకుండా 5 వోల్టులు ఇచ్చి, హోల్డరు రెండు కొనల మధ్య మల్టీమీటరు పెట్టండి. 4.5 దగ్గర చూపిస్తే తీసింది తప్పు రెసిస్టరన్న మాట. బోర్డును 3.3 వోల్టులతో నడిపేవాళ్లకు కొత్త సెల్ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు, డయోడు దాటి వచ్చేది 2.7 మాత్రమే. సెల్ పాతబడి అంతకన్నా దిగితే మళ్లీ అదే కథ. వాళ్లు కూడా తీసేయడమే మేలు.

ప్రోగ్రాములో చాలామంది చేసే తప్పు: నానో ఆన్ అయిన ప్రతిసారీ నడిచే సెటప్‌లో, ప్రోగ్రామును కంపైల్ చేసిన వేళతో అడ్జస్ట్ (గడియారానికి వేళ పెట్టే ఫంక్షన్) పిలిచి అలాగే వదిలేస్తారు. అప్పుడు సెల్ ఎంత బాగున్నా, కరెంటు వచ్చిన ప్రతిసారీ గడియారం ప్రోగ్రాము ఎక్కించిన రోజుకు పోతుంది. ముందు లాస్ట్‌పవర్ అనే ఫంక్షన్‌ను అడగాలి. అది చిప్పులో హెక్స్ 0ఎఫ్ చిరునామాలో ఉన్న స్టేటస్ రిజిస్టరులో ఏడో బిట్‌ను చూస్తుంది. గడియారం ఆగిందని ఆ బిట్ చెబితే వేళను నమ్మి వాల్వు తెరవకుండా ఎర్ర లైటు వెలిగించడమే సరైన పద్ధతి. ఇంకొకటి, మోటారు స్టార్టయ్యేటప్పుడు వోల్టేజీ పడి, చిప్పు సమాధానం చెబుతుండగా నానో రీసెట్ అయితే ఎస్‌డీఏ తీగ (చిప్పుకూ నానోకూ మధ్య డేటా తీగ) సున్నా వోల్టుల దగ్గరే పట్టుకుపోతుంది. మొదలెట్టేటప్పుడే పక్కనుండే క్లాక్ తీగ ఎస్‌సీఎల్ మీద తొమ్మిది పల్సులు కొడితే వదులుతుంది.

ఇక కచ్చితత్వం. కొత్తలో, 2 పీపీఎం (పది లక్షల సెకన్లకు 2 సెకన్ల తేడా) గడియారం కాబట్టి ఏడాదికి సుమారు నిమిషమే తేడా అని అందరికీ చెప్పాను. ఆ మాట 0 నుంచి 40 డిగ్రీల మధ్యే చెల్లుతుంది, పైన 3.5 పీపీఎం అని డేటాషీటులోనే ఉంది. మే నెల మధ్యాహ్నం ఈ డబ్బాలో చిప్పే 53 డిగ్రీలు చూపించింది. అయినా సెల్ మార్చాక పద్నాలుగు నెలల్లో ముందుకు పోయింది 19 సెకన్లు, అంటే అర పీపీఎం. డీఎస్ 1307 అనే పాత గడియారం చిప్పు వెంట ఉండే మామూలు క్రిస్టల్ 50 డిగ్రీల దగ్గర సుమారు 22 పీపీఎం వెనకబడుతుంది, రోజుకు దాదాపు రెండు సెకన్లు. ఆ 19 సెకన్లు కూడా వద్దనుకుంటే గడియారం వేగాన్ని సరిదిద్దే ఏజింగ్ రిజిస్టరు, హెక్స్ 10లో 5 రాయండి. ఒక్కో అంకె దాదాపు 0.1 పీపీఎం, ధన సంఖ్య గడియారాన్ని నెమ్మది చేస్తుంది. సెల్, కరెంటు రెండూ పోతే అది సున్నా అవుతుంది, కాబట్టి ప్రోగ్రాములోనే రాసి ఉంచాలి. చిప్పు మీద డీఎస్ 3231 తర్వాత ఎస్ఎన్ కాక ఎం అని ఉంటే ఈ లెక్కలు వద్దు, దాని హద్దు 5 పీపీఎం.

ఫోన్ సిగ్నల్ అందని తోటకు, చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లకు దీన్నే కొనమంటాను. ఇంట్లో వైఫై పక్కన పెట్టే ఈఎస్పీ32 (వైఫై ఉన్న కంట్రోలర్) కైతే ఇది అవసరం లేకపోవచ్చు, వేళ నెట్ నుంచే వస్తుంది. సెల్‌ను ఏటా ఉగాదికి కరెంటు ఆపి కొలవండి, 2.8 కన్నా తక్కువుంటే మార్చండి. మార్చేది మాత్రం కరెంటు ఉన్నప్పుడే, లేకపోతే మళ్లీ 2000 జనవరి 1.