అమెరికా పెట్టెనా, చిన్నబజారు పెట్టెనా? కనురెప్ప మీద కాకిబంగారం లెక్క

మా పిన్ని కూతురు సంక్రాంతికి డాలస్ నుంచి వస్తూ నాకొక పెట్టె తెచ్చింది. బరువైన లోహపు మూత, దాని మీద మంచుపూల చెక్కడం, లోపల ముఖమంతా కనపడే అద్దం, ఎనిమిది గడుల్లో ఎనిమిది ఐషాడోలు, అంటే కనురెప్పల మీద అద్దుకునే రంగు పొడులు. అక్కడ పెద్ద కంపెనీలు క్రిస్మస్ సీజన్‌కని ఇలాంటివి చేసి అమ్ముతాయి. ఆ సరుకు అయిపోతే మళ్ళీ దొరకదు. "ఎంతే ఇది?" అంటే నవ్వుతుంది గానీ చెప్పదు. నేనే వెతికి చూసుకున్నా, 90 డాలర్లు. మా అమ్మ వంటింట్లోంచి "అంటే మన డబ్బుల్లో ఎంతమ్మే?" అంది. చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దాంతో మంచి వెంకటగిరి చీర వచ్చేది గదా" అంది.

చీరతో పోటీ పెట్టడం అన్యాయమే. ఐషాడోతో ఐషాడోకే పోటీ పెట్టి చూద్దామని మా నెల్లూరు చిన్నబజారులో ఒక ఫాన్సీ షాపుకి పోయి, మన దేశపు బ్రాండుదే పద్దెనిమిది రంగుల పెట్టె 450 రూపాయలకు తెచ్చుకున్నా. మూడోది నా దగ్గర ముందే ఉంది. విడిగా అమ్మే ఒకే రంగు డబ్బీ, వక్క రంగు, రెండేళ్ళ కిందట చెన్నైలో 900 పెట్టి కొన్నది. సంక్రాంతి నుంచి రోహిణి కార్తె దాకా ఈ మూడింటినీ తిప్పి తిప్పి వాడా. చాలా రోజులు ఒక కంటికి ఒకటి, రెండో కంటికి ఇంకొకటి. ఆఫీసులో నన్ను చూసి ఏమనుకున్నారో నాకు అనవసరం.

ముందు తూకం. అమెరికా పెట్టెలో ఉన్నది మొత్తం 9 గ్రాములు. అంటే గ్రాము 850 రూపాయల దాకా పడింది, వెండి కంటే ప్రియం. చిన్నబజారు పెట్టె 18 గ్రాములు, గ్రాము 25 రూపాయలు. చెన్నై డబ్బీ గ్రామున్నర, గ్రాము 600. ఈ లెక్కన డబ్బీ కూడా చవకేమీ కాదు. కాకపోతే దాంతో పాటు మనకు అక్కర్లేని ఏడు రంగులు కొనే పని లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

గ్రాము 850 పెట్టి కొన్న ఆ పొడి ఏంటి? అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అన్నిటికన్నా ముందు కనపడేది మైకా, అంటే అభ్రకం. దాని గురించి నెల్లూరోళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గూడూరు, సైదాపురం, రాపూరు పక్క గనుల్లో తీసిన అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి దేశాలు తిరిగింది. జిల్లా గీతలు ఎటు జరిపినా మాకు గూడూరంటే నెల్లూరే. చిన్నప్పుడు ఆ పక్క మా అమ్మమ్మోళ్ళ ఊరికి పోతే, దారి పక్కన రాళ్ళలో మెరిసే రేకుల్ని గోటితో ఒక్కో పొరా లేపి నోటుపుస్తకంలో దాచుకునేవాళ్ళం. లేత ఆకుపచ్చ ఛాయ ఉండేది. కాకిబంగారం అనేవాళ్ళం. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల తీగ చుట్టి ఉండేదీ ఆ రేకుకే.

కంటి మీద మెరుపుకి ఇదే కాకిబంగారాన్ని మెత్తగా పొడి చేసి, ఒక్కో రేకుకీ టైటానియం డయాక్సైడ్‌తో సన్నటి పూత వేస్తారు. గమ్మత్తంతా ఆ పూత మందంలో ఉంది. పల్చగా ఉంటే వెండి తెలుపు, కొంచెం పెరిగితే బంగారం, ఇంకా పెరిగితే ఎరుపు, నీలం, ఆకుపచ్చ. వాన పడ్డాక ట్రంకు రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే ఏడు రంగులు తేలతాయే, అదే సూత్రం. పొడిలో రంగు ఉండదు. పూత పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే వెలుతురు కలుసుకునే తీరులో రంగు పుడుతుంది. రేకులు సమంగా, పూత సమంగా ఉంటేనే ఆ రంగు శుభ్రంగా పలుకుతుంది. డబ్బు మోసుకొచ్చే తేడా ఇక్కడే అని నాకు అర్థమైంది.

అమెరికా పెట్టెలో ఒక రంగుంది. చీరల భాషలో చెప్పాలంటే నెమలికంఠం. ఎదురుగా చూస్తే ఆకుపచ్చ, తల కాస్త తిప్పితే వంగపండు రంగు. వేలితో ఒక్కసారి తాకి రెప్ప మీద అద్దితే చాలు, తడిసినట్టు మెరుస్తుంది. ఒక్క పొడి రేణువు బుగ్గ మీదకి రాలదు. చిన్నబజారు పెట్టెలో దానికి జోడీ అనుకున్న రంగు గడిలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే తళుక్కుమంటుంది. బ్రష్‌తో తీస్తే సగం మెరుపు బ్రష్‌కీ, పావు వంతు ముక్కుకీ, మిగిలింది రెప్పకీ. అందులో మెరిసేవి చాలావరకు ప్లాస్టిక్ తళుకులు, పెద్ద పలుకులు, కంట్లో పడితే గుచ్చుకుంటాయి. లెన్సులు పెట్టుకునేవాళ్ళు దాని జోలికి పోవద్దు. మెరుపు వరకు అమెరికా పెట్టెదే గెలుపు, సందేహం లేదు.

మెరుపు లేని రంగులకి వస్తే కథ తిరగబడింది. గోధుమ, ఇటుక, వక్క రంగు, ఇవన్నీ ఐరన్ ఆక్సైడ్లు, అంటే తుప్పు చుట్టాలే. అట్ట మీద 77491 అని ఉంటే ఎరుపు, 77492 పసుపు, 77499 నలుపు. రెండు పెట్టెల వెనకా అవే నంబర్లు. ఒకరోజు ఎడమ కంటికి చిన్నబజారు ఇటుక, కుడి కంటికి అమెరికా ఇటుక వేసుకుని ఆఫీసుకి పోయా. మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు పక్క సీటు ఆవిడను ఏది ఖరీదో చెప్పమన్నా. దగ్గరికొచ్చి, కళ్ళజోడు పైకి తోసి, నా ముఖం కిటికీ వైపు తిప్పి మరీ చూసి, "ఎడమదే, ఇంకేముంది" అంది. దగ్గర నుంచి చూస్తే అమెరికాదే కొంచెం మెత్తగా కలుస్తుంది, నిజమే. ఆ కొంచెం కోసం గ్రాముకు ఎనిమిది వందలు ఎక్కువ పెట్టమంటే నేను పెట్టను.

ఇంకో సంగతి, ఆ ఎనిమిది గడులు ఎవరి కోసం నింపారన్నది. అక్కడ డిసెంబరంటే మంచు. అందుకని మంచు వెండి, పొగ రంగు, ఉల్లిపొర రంగు, మీగడ రంగు, సగం పెట్టె చల్లటి రంగులే. నాది చామనచాయ. పొగ రంగు పెట్టుకుని హాల్లోకి వచ్చానో లేదో మా అమ్మ, "ఏందమ్మే ఆ కళ్ళు, జొరమొచ్చిందా?" అంది. లేత రంగుల్లో తెల్లదనం కోసం టైటానియం డయాక్సైడ్ ఎక్కువ కలుపుతారు. తెల్లతోలు మీద అది సున్నితంగా ఉంటుందేమో గానీ మన చర్మం మీద విభూతి రాసినట్టు తేలుతుంది. చిన్నబజారు పెట్టె చేసినవాళ్ళకి ఈ ఒంటిరంగులు తెలుసు. తేనె, మెంతి, చింతపిక్క, ఇటుక, పద్దెనిమిదిలో పది నాకు పనికొచ్చాయి. అమెరికా పెట్టెలో ఎనిమిదికి మూడు.

పనికిరాని అయిదింటిలో నన్ను బాగా ఊరించింది నలుపు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చూసే ఉంటారు, ఒంగోలు పక్క చాలా ఇళ్ళలో గుమ్మానికో వంటగట్టుకో ఉంటుంది. నల్లరాయిలో బంగారు చుక్కలు. గడిలో ఆ రంగు అచ్చం అలాగే ఉంది, పెట్టె తెరిచిన ప్రతిసారీ కన్ను దాని మీదకే పోయేది. రెప్ప మీద వేస్తే చుక్కలు మాయం, ఉత్త మసి మిగిలింది. తడి బ్రష్‌తో ప్రయత్నించా, వేలితో అద్దా, లాభం లేదు. నలుపులో ముంచితే ఏ మెరుపైనా మునుగుతుంది, రాయికైతే పాలిష్ ఉంది, నా రెప్పకి లేదు. మీగడ రంగుదీ ఇదే వాటం. దాని మీద బంగారు మంచుపూవు అచ్చు ఉంది చూడండి, అది పైన చిలకరించిన పూత మాత్రమే. రెండో అద్దకానికే పోయి, కింద మామూలు మీగడ బయటపడింది. పండగ పెట్టెల్లో ఇది అలవాటైన ఎత్తే. ఆ పూవుని చూసి కొనేవాళ్ళు దాన్ని ముట్టుకోకుండా షోకేసులో పెట్టుకోవడం మేలు.

చిన్నబజారు పెట్టె మీద కూడా ఫిర్యాదుంది. అందులో ముదురు గులాబీ ఒకటి తుడిచినా పోదు. మర్నాడు పొద్దున కూడా రెప్ప మీద మరక, కళ్ళకలక వచ్చినట్టు. కొన్ని గులాబీ, ఊదా రంగులకి అమెరికాలో కంటి చుట్టూ వాడటానికి అనుమతి లేదు, అందుకే వాటిని ఐషాడో అనకుండా ఇంకో పేరుతో అమ్ముతుంటారు. ఇంట్లో అట్ట భూతద్దంతో చదివితే, ఆ గడి కళ్ళకి వాడవద్దనే రాశారు. కళ్ళకి వేసుకునే పెట్టెలో కళ్ళకి వేసుకోకూడని రంగు!

అట్ట చదివే పిచ్చి పట్టాక ఇంకోటి తేలింది. అమెరికా పెట్టెలో నేరేడు పండు రంగు వెనక 75470 అని ఉంది. అది కార్మైన్, కొచినీల్ అనే పురుగుల్ని ఎండబెట్టి తీసే ఎరుపు. "శనివారం పెట్టుకోవచ్చా మరి?" అంది మా అమ్మ. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం. మా ఆయన, "వారంలో మిగిలిన ఆరు రోజులూ చేపల పులుసేగా, అప్పుడు పెట్టుకో" అన్నాడు. రంగు మాత్రం బ్రహ్మాండం, నాకు పనికొచ్చిన మూడింటిలో అదొకటి. మిగిలిన రెండూ నెమలికంఠం, ఇటుక.

అసలు పరీక్ష నిలవడం. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, రాత్రి ముహూర్తం పెళ్ళి. సాయంత్రం ఆరింటికి కళ్ళకి రంగు, రాత్రి రెండింటికి తలంబ్రాలు. ఏసీ హాలని పేరేగానీ భోజనాల దగ్గర ఉక్కపోతే. ఎడమ కంటికి చిన్నబజారు వక్క రంగు, కుడి కంటికి అమెరికా నేరేడు. కావాలనే రెండు రెప్పల్లోనూ ముక్కు వైపు సగానికి ప్రైమర్, అంటే రంగు నిలవడానికి దాని కింద ముందుగా రాసే క్రీము, రాశా, బయటి సగానికి రాయలేదు. ఎనిమిదింటికి చేతులు కడుక్కునే చోట అద్దంలో చూసుకుంటే, ప్రైమర్ లేని చోట రెండు కళ్ళలోనూ రంగు మడతలోకి జారి గీత కట్టింది. 90 డాలర్లదీ అంతే, 450దీ అంతే. ప్రైమర్ ఉన్న చోట తలంబ్రాలప్పుడు కూడా రెండూ కదల్లేదు. జిడ్డు, చెమట ముందు పెట్టె ధర చెల్లదు. మూడు నాలుగు వందల ప్రైమర్ ట్యూబు ఇచ్చిన తేడా, ఆ రెండు పెట్టెల మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువ. ప్రైమర్ కొనకుండా ఖరీదైన పెట్టె కొనడమంటే, సున్నం కొట్టని గోడకి ఖరీదైన పెయింటు వేయడమే.

ఫోటోల్లో? ఫోకస్ లైట్ల కింద మెరుపు రంగులదే రాజ్యం, మెరుపు లేని మ్యాట్ రంగుల్లో ఏది ఏదో ఫోటోగ్రాఫరు కూడా చెప్పలేకపోయాడు.

పెట్టె అందం గురించి ఒక మాట ఒప్పుకోవాలి. మూత పడేటప్పుడు వచ్చే ఆ 'టక్' శబ్దం బాగుంటుంది, అద్దం నిజంగా మంచి అద్దం. ఇప్పుడా అద్దం మీద మా అమ్మ బొట్టుబిళ్ళలు నాలుగు అంటించి ఉన్నాయి. చిన్నబజారు పెట్టె మూత నెల తిరక్కుండానే ఊడింది, రబ్బరుబ్యాండు వేశా.

అయితే ఏది మేలంటారా? ఎవరైనా ఇస్తే అమెరికా పెట్టె హాయిగా తీసుకోండి. మీ జేబులోంచి అయితే వద్దు. ఎనిమిది రంగుల ధరకి నాకు మూడే దక్కాయి, అంటే నా లెక్కన గ్రాము రెండు వేలు దాటింది. రోజువారీ గోధుమ, ఇటుక రంగులకి మన దేశపు చవక పెట్టె చాలు, కాస్త పేరున్న బ్రాండు చూసి, గులాబీల వెనక అట్ట చదివి. మెరుపు మీద మోజుంటే మాత్రం ఆ డబ్బు ఒకే ఒక్క మంచి విడి డబ్బీ మీద పెట్టండి. చెన్నై డబ్బీ నా చేత ఈ మాట అనిపించింది. రెండేళ్ళు వాడినా అడుగు కనపడలేదు, ఒక్క గింజా వృథా పోలేదు. ఇంకో జాగ్రత్త, పెద్ద విదేశీ పేరుండి 300కే ఇస్తామంటే ఆ కొట్టు మెట్లు దిగేయండి. మన దేశంలో చట్టప్రకారం దిగుమతైన సరుకు మీద దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేని నకిలీ పొడిని కంటికి పూసుకోకూడదు.

మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసి వచ్చే సంక్రాంతికి ఏం తేవాలంది. నెమలికంఠం ఒక్కటే విడిగా దొరుకుతుందేమో చూడమన్నా. శ్రావణంలో ఒంగోలులో పెళ్ళి ఉంది. ప్రైమర్ ట్యూబు, చెన్నై డబ్బీ, రబ్బరుబ్యాండు వేసిన పెట్టె సంచిలో సర్దేశా. అమెరికా పెట్టె తీసుకుపోదామంటే అమ్మ అద్దం ఇవ్వనంది.