ట్రక్ క్యాంపర్‌లో జనరేటర్ ఎక్కడ బిగించాలి? ఆరేళ్లలో మూడు చోట్లు మార్చాక

మా జనరేటర్ ఇప్పుడు ట్రక్కు ముందు బంపర్ దగ్గర, నా మోకాలి ఎత్తులో ఉన్న ట్రే మీద ప్రయాణిస్తోంది. మొదట క్యాంపర్ (ట్రక్కు తొట్టిలో ఎక్కించే, పడుకోవడానికి వీలున్న గది) అరలో, ఆ తర్వాత వెనుక ట్రే మీద పెట్టి, ఆ రెండూ వదిలేసి ఇక్కడికి వచ్చాం. మాది హోండా ఈయూ2200ఐ. బరువు సుమారు 21 కిలోలు, ట్యాంకులో 3.6 లీటర్ల పెట్రోలు పడుతుంది, నిలకడగా 1,800 వాట్లు ఇస్తుంది. దాని పనితీరు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ ఆరేళ్లలో మేము పడ్డ ఇబ్బందులన్నీ దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న చుట్టూనే వచ్చాయి.

మా క్యాంపర్ పక్క గోడలో జనరేటర్ కోసమే కట్టిన అర ఉంది. పోర్టబుల్ యంత్రం అందులో చక్కగా పట్టింది కాబట్టి మొదటి రెండేళ్లు మరో ఆలోచన చేయలేదు. ఆ అర కట్టింది దాని కోసం కాదన్న సంగతి ఆలస్యంగా అర్థమైంది. స్థిరంగా బిగించే జనరేటర్లకు సైలెన్సర్ గొట్టం వాహనం కింది నుంచి బయటికి పోతుంది, చల్లబరిచే గాలికి వేరే దారి ఉంటుంది. పోర్టబుల్ యంత్రం అలా కాదు. ఒక వైపు నుంచి గాలి పీల్చుకుని, వేడినీ పొగనూ మరో వైపు నుంచి వదులుతుంది. అరలో నడిపితే తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. తలుపు పూర్తిగా తెరిచి ఉంచినా, ఎండాకాలం ఏసీ వేసిన అరగంటకే అర లోపలి గోడ చేయి పెట్టలేనంత కాలేది. నడిచేటప్పుడు చుట్టూ కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలని ఇలాంటి యంత్రాల వివరణ పుస్తకంలోనే ఉంటుంది. అరలో ఒక అడుగు కూడా దొరకదు.

దించడం మరో బాధ. ఆ అర నా ఛాతీ ఎత్తులో ఉంది. చేతులు చాచి 21 కిలోలు బయటికి లాగడం నేలమీద నుంచి ఎత్తడం కన్నా కష్టం. మావారు ఊళ్లో లేనప్పుడు నేను ఒక్కదాన్నే దించలేక, తప్పని తెలిసీ అక్కడే నడిపిన రోజులున్నాయి. చోటు ఎంచుకునేటప్పుడు ఎత్తును చివరి విషయంగా చూడకండి. దించడం కష్టమైతే ఎవరూ దించరు, ఉన్నచోటే నడుపుతారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మూడో ఏడు వెనుకకు మార్చాం. క్యాంపర్ వెనుక భాగం ట్రక్కు బంపర్ దాటి బయటికి వస్తుంది కాబట్టి ట్రక్కు వెనుక ట్రైలర్ తగిలించే హిచ్‌కు పొడవైన ఎక్స్‌టెన్షన్ వేసి, దాని చివర ట్రే బిగించాలి. చూడ్డానికి ముచ్చటగా ఉంది, దించడం కూడా తేలికైంది. అయితే బరువు లెక్క అడ్డం తిరిగింది. ట్రే, జనరేటర్, పట్టీలు అన్నీ కలిపి 40 కిలోలు అనుకోండి. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు ఉండి, ట్రే వెనుక ఇరుసుకు 2 మీటర్లు వెనకగా ఉంటే, వెనుక ఇరుసు మీద పడేది 40 కాదు, 60 కిలోలు. ముందు ఇరుసు మీద నుంచి 20 కిలోలు లేచిపోతాయి. క్యాంపర్ వల్ల వెనుక ఇరుసు ముందే బరువెక్కి ఉంటుంది. అందుకని వెనక ట్రే కొనేముందు ఒకసారి వేబ్రిడ్జి మీద ఒక్కో ఇరుసునూ విడివిడిగా తూయించండి. మేము కొన్నాక తూయించాం.

దుమ్ము ఇంకో సంగతి. మట్టి రోడ్డు మీద వెళ్లే వాహనం వెనక గాలి సుడి తిరిగి, దుమ్మునంతా వెనక గోడకే అంటిస్తుంది. మూడు రోజుల మట్టి రోడ్డు ప్రయాణం తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత విప్పితే, బూడిద రంగు స్పాంజి ఎర్రమట్టి ముద్దలా చేతికి వచ్చింది. పిండితే చుక్కలుగా కారింది బురదే. సబ్బునీళ్లలో ఉతికి, ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ పట్టించి, అదనపు నూనె పిండేసి మళ్లీ పెట్టాను. యంత్రం నడవకుండా కేవలం ప్రయాణం చేసినందుకే ఫిల్టర్ ఈ స్థితికి వచ్చిందంటే మిగతా సందుల్లోకి ఎంత పోయి ఉంటుందో ఊహించుకోండి.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఒక రాత్రి జరిగింది. రోజంతా మబ్బు, సోలార్ పలకలు పనిచేయలేదు, బ్యాటరీ అడుగంటింది. వెనుక ట్రే మీదే జనరేటర్ నడుపుతూ, గంటలో ఆపేద్దామని మేం లోపల పడుకున్నాం. సైలెన్సర్ బయటి వైపు తిరిగే ఉంది. సాయంత్రం ముందు నుంచి వీచిన గాలి రాత్రి దిశ మార్చుకుని వెనుక నుంచి మొదలైంది. కిటికీ ఒక అంగుళం తెరిచి ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మోగినప్పుడు మావారు ముందు లేచి, “లే, తలుపు తీసి బయటికి నడు, ఏమీ సర్దకు” అన్నారు. అలారం తెర మీద 112 పీపీఎం (గాలి పది లక్షల భాగాల్లో ఆ వాయువు 112 భాగాలు) అని ఉంది. ఇద్దరికీ తలనొప్పి. అది నిద్ర చాలక వచ్చిందనే నేను అనుకున్నాను.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గాలితో దాదాపు సమాన బరువు, కాబట్టి పైకి తేలిపోతుందనో కిందకి దిగిపోతుందనో లెక్క వేసుకోవడానికి లేదు. ఇళ్లలో వాడే చాలా అలారాలు 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల లోపు మోగేలా తయారవుతాయి. తక్కువ మోతాదు ఉన్నప్పుడు అలారం మౌనంగా ఉంటుంది, మన ఒంట్లోకి మాత్రం చేరుతూనే ఉంటుంది. ఇప్పుడు జనరేటర్లలోనే ఈ వాయువును పసిగట్టి ఆగిపోయే ఏర్పాటు వస్తోంది, మంచిదే. కానీ అది కొలిచేది యంత్రం చుట్టూ ఉన్న గాలిని, మీ మంచం దగ్గరి గాలిని కాదు. లోపలి అలారం తప్పనిసరి. దాన్ని తలగడ దగ్గర పెట్టండి.

ఆ రాత్రి తర్వాత మా నియమం ఒక్కటే. జనరేటర్ ప్రయాణం చేసే చోటు వేరు, నడిచే చోటు వేరు. బిగించే చోటు మోసుకెళ్లడానికి మాత్రమే. నడపాలంటే నేల మీదికి దించి, కనీసం 6 మీటర్ల దూరంలో, గాలి క్యాంపర్ వైపు నుంచి జనరేటర్ వైపు వీచేలా పెడతాం. కిటికీలు అటు వైపువి మూసేస్తాం. 15 మీటర్ల మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడుతున్నాం. సన్నని వైరు ఏసీ లాగే కరెంటుకు వేడెక్కుతుంది, వోల్టేజీ కూడా పడిపోతుంది. దూరంతో శబ్దమూ తగ్గింది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. అంతకన్నా పెద్ద తేడా ఏమిటంటే, ట్రే మీద నడిపినప్పుడు చట్రం గుండా మంచందాకా వచ్చే ఆ సన్నని అదురు పూర్తిగా పోయింది.

దించడం ఖాయం అనుకున్నాక చోటు ఎంపిక సులువైంది. ట్రక్కు ముందు భాగానికి రిసీవర్ (ట్రేను దూర్చి బిగించే ఇనుప గొట్టం) బిగించి ట్రే వేశాం. అదే 40 కిలోలు ముందు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు ఉంటే, ముందు ఇరుసు మీద 52 కిలోలు పడి, వెనుక ఇరుసుకు 12 కిలోలు తేలికవుతుంది. క్యాంపర్ మోసే ట్రక్కుకు ఇది ఉపకారమే. దుమ్ము బాగా తగ్గింది. ఇప్పుడు ఫిల్టర్ రెండు మూడు నెలలకోసారి ఉతికితే చాలు.

ట్రక్కు ముందు భాగంలోని ఈ చోటుకూ లోపాలున్నాయి. మొదట ఒక దుకాణంలో చేయించిన మూసి ఉన్న అల్యూమినియం పెట్టె రేడియేటర్‌కు గాలి అడ్డుకుంది. ఘాట్ ఎక్కుతుంటే గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత ఎప్పుడూ చూడనంత పెరిగింది. ఆ పెట్టె తీసేసి జాలీ ట్రే వేశాం, జనరేటర్‌ను సన్నని వైపు గాలికి ఎదురుగా ఉండేలా పెట్టాం. 29 సెంటీమీటర్ల వెడల్పే అడ్డొస్తుంది. ఉష్ణోగ్రత మళ్లీ మామూలుకు వచ్చింది. పార్కింగ్ సెన్సర్లు నిరంతరం మోగుతాయి కనుక ముందువాటిని ఆపేయాలి. హెడ్‌లైట్ వెలుగునూ నంబరు పలకనూ ట్రే కప్పకుండా చూసుకోవాలి. వాన పడితే కవరు తప్పదు. అది గాలికి రెపరెపలాడి చిరగకుండా కింద కూడా తాడు కట్టండి, నడిపేముందు మాత్రం పూర్తిగా తీసేయండి.

పట్టీల గురించి ఒక్క మాట. ప్లాస్టిక్ పిడి మీదుగా రాట్చెట్ పట్టీ బిగిస్తే పిడి నెర్రెలిస్తుంది. మాది అలాగే పగిలింది. పట్టీని పిడి లోపలి నుంచి పోనిచ్చి, రెండు పట్టీలు ఒకదానికొకటి అడ్డంగా వేసి, కింద మందపాటి రబ్బరు చాప పరిచాం. దొంగల కోసం స్టీలు తాడు తాళం ఉంది, హిచ్ పిన్నుకు ఇంకో తాళం.

బయల్దేరేముందు ఇంధన వాల్వు మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపిస్తాను. కార్బురేటర్‌లో పెట్రోలు మిగిలితే కొన్ని వారాల్లో జిగురు కడుతుంది. యంత్రం చల్లారాక ట్యాంకు మూత మీది గాలి మీటను ‘ఆఫ్’ వైపు తిప్పుతాను. ఎండలో ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి దిగాక ఆ మీటను నెమ్మదిగా తెరుస్తాను. మూతకు చెవి ఆనిస్తే ‘స్స్’ అన్న శబ్దం ఆగాకే పెట్రోలు పోయడానికి మూత తీస్తాను.