హనుమకొండ ఎండల్లో మూడేళ్లు వాడిన గేమింగ్ పీసీ: ఏ పార్టుకు ఎంత పెట్టాలి

ఈ పీసీని 2022 చివర్లో కట్టించాను. మానిటర్, కీబోర్డు, మౌస్ కాకుండా డబ్బాకు రూ. 60,000 దాటొద్దని ముందే గట్టిగా అనుకున్నాను, దాటలేదు. లోపల రైజెన్ 5 5600 ప్రాసెసర్, రేడియాన్ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీవి రెండు డీడీఆర్4 ర్యామ్‌లు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై) ఉన్నాయి. పగలంతా దీనిమీదే నా ఆఫీసు పని, రాత్రి నేను కాకపోతే తమ్ముడు ఆడతాడు. ఇది కొన్నాక ఊళ్లో తెలిసినవాళ్లు, చుట్టాల పిల్లలు చాలామంది ఏం కొనాలని నన్నే అడుగుతున్నారు. ఇన్నాళ్లు వాడాక తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది "ఏ ప్రాసెసర్ తీసుకోవాలి" అని. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తర్వాత మార్చడానికి ఏది సులువు, ఏది కష్టం? ర్యామ్ ఇంకోటి పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ ఇంకోటి జోడించుకోవచ్చు. ప్రాసెసర్ కూడా అదే బోర్డు మీద మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు మార్చాలంటే మాత్రం సగం పీసీ మళ్లీ కొన్నంత ఖర్చు. ఎస్‌ఎంపీఎస్ నాసిదైతే అది పోయేటప్పుడు పక్కనున్నవాటినీ పట్టుకుపోతుంది. అందుకే నా డబ్బు ముందు ఈ రెండిటికే పోయింది, మిగిలినదాంట్లో మిగతావి సర్దుకున్నాను.

మొత్తంలో నలభై శాతం, అంటే దాదాపు రూ. 24,000, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాను. అప్పట్లో ఇక్కడ ఏ షాపుకెళ్లినా మొదట చూపించేది జీటీఎక్స్ 1650. అది 2019లో వచ్చిన కార్డు, మెమరీ 4 జీబీ. కరెంటు తక్కువ తింటుంది, వేడెక్కదు, కానీ కొత్త ఆటలకు 4 జీబీ ఎటూ చాలదు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ పేరు 6600కి దగ్గరగా ఉంటుంది గానీ రెండింటికీ చాలా తేడా. దానికీ 4 జీబీ మెమరీయే, పైగా పీసీఐఈ లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు) నాలుగే. బీ450 లాంటి పీసీఐఈ 3.0 బోర్డు మీద పెడితే ఆ నాలుగు లేన్ల వేగం సగానికి పడిపోతుంది, మెమరీ నిండగానే ఆట తడబడుతుంది. 6600కి ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమరీ ఉన్నాయి కాబట్టి నా పాత తరం బోర్డు మీద కూడా పెద్దగా నష్టం కనిపించలేదు. ఆర్‌టీఎక్స్ 3050 అప్పుడు నాకు చెప్పిన ధర 6600 కంటే ఎక్కువ, వేగం మాత్రం తక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 580 చాలా చవగ్గా దొరికేది. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చాయి. వాటిలో "2048 ఎస్‌పీ" అని ఉన్నవి పేరుకే 580, లోపల షేడర్ల (బొమ్మను లెక్కగట్టే చిన్న యూనిట్ల) సంఖ్య దానికంటే కింది మెట్టు కార్డైన 570దే. రాత్రింబవళ్లు మైనింగ్‌లో నలిగిన కార్డు, బిల్లు లేదు, వారంటీ లేదు. నేను వాటి జోలికి పోలేదు. 2025లో డూమ్: ద డార్క్ ఏజెస్ వచ్చినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది. ఆ ఆటకు రే ట్రేసింగ్ (వెలుగు, నీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ ఉన్న కార్డు తప్పనిసరి. కనీస అర్హతల జాబితాలో 6600 ఉంది. 1650, 580 కార్డుల్లో ఆ హార్డ్‌వేరే లేదు.

నా మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్‌ది. వాలరెంట్ ఎప్పుడూ 200 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) పైనే ఉంటుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 సెట్టింగులు మీడియం, హై కలిపి పెడితే 70కి అటూ ఇటూ. సైబర్‌పంక్ 2077 రే ట్రేసింగ్ లేకుండా 60 దగ్గర నిలబడుతుంది. రే ట్రేసింగ్ ఆన్ చేస్తే ఆడలేం, ఈ కార్డు నుంచి అది ఆశించొద్దు. ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఏఎమ్‌డీ పద్ధతి) పెడితే ఫ్రేములు పెరుగుతాయి కానీ 1080పీలో దూరంగా ఉన్న చెట్లు, తీగలు మసకగా కనిపిస్తాయి. నాకది నచ్చదు, సెట్టింగులు ఒక మెట్టు తగ్గించుకోవడమే మేలు. ఇంకో మాట, ఎన్‌ఐటీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదువుతూ బ్లెండర్, మెషీన్ లర్నింగ్ లాంటివి నేర్చుకునేవాళ్లు ఈ కార్డు కొనొద్దు. ఆ పనుల సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా సీయూడీఏ (CUDA) అనే ఎన్‌విడియా వ్యవస్థ మీదే బాగా నడుస్తాయి, అది ఎన్‌విడియా కార్డుల్లోనే ఉంటుంది.

ప్రాసెసర్ విషయంలో ఐ3 12100ఎఫ్, రైజెన్ 5500, 5600 మధ్య ఆలోచించాను. ఆటలకు నాలుగు కోర్ల ఐ3 కూడా బాగానే పనికొస్తుంది. కానీ నేను ఆడుతూనే వెనక డిస్కార్డ్, బ్రౌజర్ తెరిచి ఉంచుతాను, ఆరు కోర్లు ఉంటే ఊపిరాడుతుంది. 5500 కూడా ఆరు కోర్లదే గానీ దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600ది 32 ఎంబీ. ఆటల్లో ఆ క్యాష్ తేడా కనిపిస్తుంది. ఈ మూడింటిలో దేనికీ లోపల గ్రాఫిక్స్ లేదు. మానిటర్ వైరు మదర్‌బోర్డుకు పెట్టి "డిస్‌ప్లే రావట్లేదన్నా" అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు, వైరు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. బీ450 బోర్డు తీసుకుంటే 5000 సిరీస్ ప్రాసెసర్లకు బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిందో లేదో బిల్లు కట్టకముందే షాపులో ఆన్ చేయించి చూసుకోండి. వాలరెంట్ ఆడేవాళ్లకు విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఆన్‌లో ఉండాలి. 5600లో అవి పనిచేస్తాయి. ఆఫీసుల నుంచి వచ్చే పాత మూడో తరం, నాలుగో తరం ఐ5 డబ్బాలు చవకని కొనేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి.

ఇక ఎస్‌ఎంపీఎస్. మన దగ్గర ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఒక షాపులో నాకిచ్చిన కొటేషన్‌లో అన్నీ మంచి పార్టులే రాసి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కంపెనీ పేరు లేకుండా "500 వాట్స్" అని రాశారు. అడిగితే "ఏం కాదన్నా, అందరికీ గిదే ఏస్తున్నం" అన్నాడు. డబ్బా తీసి చూపించమన్నాను. లేబుల్‌లో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తీసుకునేది ఈ 12 వోల్టుల నుంచే. 6600 ఒక్కటే 132 వాట్లు అడుగుతుంది, 5600 పూర్తిగా పనిచేసేటప్పుడు 76 వరకు పోతుంది. రెండూ కలిస్తే 208. ఇంక అది 500 వాట్లది ఎలా అవుతుంది? నేను తీసుకున్నదాని మీద అదే గడిలో 43 ఆంపియర్లు ఉంది, అంటే 516 వాట్లు. ధర దాదాపు రూ. 4,000. షాపులో ఏ ఎస్‌ఎంపీఎస్ చూపించినా ఈ ఒక్క గుణకారం చేసుకోండి.

గోదావరిఖనిలో ఉండే మా బావ పీసీకి అలాంటి పేరు లేని ఎస్‌ఎంపీఎస్సే వేశారు. దానికి గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన 8 పిన్ వైరే లేదు, పాతరకం మోలెక్స్ పిన్నుల నుంచి మార్చే కన్వర్టర్ తగిలించి పంపారు. ఒక గాలివాన సాయంత్రం కరెంటు పోతూ వస్తూ ఉండగా ఎస్‌ఎంపీఎస్ కాలింది, దాంతోపాటే మదర్‌బోర్డు కూడా పోయింది. వారంటీకి తీసుకెళ్తే కాలిన గుర్తులున్నాయని బోర్డు తీసుకోలేదు. అక్క గాజులకని దాచుకున్న డబ్బులోంచి మళ్లీ కొన్నారు. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మిగిల్చింది రెండు వేలు.

పీసీ ఎంత మంచిదైనా ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే అన్యాయమే. క్యాబినెట్ ముట్టుకుంటే వేలికి జిల్లుమంటుందంటే ఎర్తింగ్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులుందో మల్టీమీటర్‌తో చూపించుకోండి. రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే పని ఉంది. ఉప్పు, బొగ్గు వేసిన పాత ఎర్తింగ్ గుంతలు ఎండాకాలం ఎండిపోతాయి. మా ఇంట్లో మార్చి నుంచి వానలు పడేదాకా ఆ గుంతలో నీళ్లు పోస్తూనే ఉంటాం.

యూపీఎస్ 600 వీఏది తీసుకుంటే దాని అసలు సామర్థ్యం సాధారణంగా 360 వాట్లే. నా పీసీ ఆటలో ఉన్నప్పుడు 250 వాట్ల దగ్గర లాగుతుంది, మానిటర్ అదనం. నడుస్తుంది గానీ బ్యాటరీ కాస్త పాతబడితే సేవ్ చేసుకునే టైం కూడా ఇవ్వదు. నేను 1000 వీఏది తీసుకున్నాను. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లు వెనకున్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టుకుంటే చాలాసార్లు పీసీ ఆగకుండానే కరెంటు మారుతుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం గేమింగ్ పీసీ పెట్టొద్దు. కరెంటు బిల్లు గురించి అమ్మానాన్నలకు చెప్పాల్సొస్తే లెక్క సులువు: నాలుగు గంటలు ఆడితే దాదాపు ఒక యూనిట్.

ఎండల సంగతి వేరే చెప్పాలి. మే నెలలో ఓరుగల్లులో 44, 45 డిగ్రీలు మామూలే. మాది పై అంతస్తు, రాత్రి ఎనిమిదైనా స్లాబు సెగ తగ్గదు. ఏసీ లేదు, కూలరే. గది 37, 38 డిగ్రీలు ఉంటే పీసీలోకి వెళ్లే గాలీ అంతే వేడి. ఏసీ గదిలో కూర్చుని వీడియోల్లో చూపించే టెంపరేచర్లకు మనం పది, పదిహేను కలుపుకోవాలి. 5600తో వచ్చే చిన్న కూలర్ చలికాలంలో సరిపోతుంది. ఎండాకాలంలో మాత్రం ప్రాసెసర్ దాని హద్దైన 90 డిగ్రీల దగ్గరికి పోయేది, ఫ్యాన్ మోత పక్క గదికి వినిపించేది. రూ. 2,000 లోపు ఒక టవర్ కూలర్ వేశాక చాలా తగ్గింది. ఈ మొత్తం పీసీలో పెట్టిన డబ్బుకు ఎక్కువ సుఖమిచ్చింది ఆ కూలరే. గ్రాఫిక్స్ కార్డుకైతే ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజ్ కొంచెం తగ్గించి, ఏప్రిల్, మే నెలల్లో ఫ్రేములు 75కి కట్టేస్తాను. తమ్ముడు వాలరెంట్ ఆడేటప్పుడు మాత్రం ఒప్పుకోడు.

ఎయిర్ కూలర్ గాలి నేరుగా పీసీ మీదికి కొట్టనివ్వకండి, అది తడిగాలి. క్యాబినెట్ ముందు భాగం అద్దంతో మూసి ఉన్నది కాకుండా జాలీ ఉన్నది తీసుకోండి, దుమ్ము ఫిల్టర్ బయటికి తీసి కడిగేలా ఉండాలి. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఉండే నా దోస్తు పీసీ ఫిల్టర్‌కు పత్తి సీజన్‌లో తెల్లటి నూగు పొరలా పట్టేస్తుంది, వారానికోసారి తీయాల్సిందే. గోదావరిఖనిలో బావ ఇంట్లో అదే ఫిల్టర్ బొగ్గు దుమ్ముతో నల్లబడుతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు తీసుకుంటే 5600 బాగా పరుగెడుతుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ చాలా బోర్డుల్లో 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోతుంది. ఎస్‌ఎస్‌డీ 500 జీబీతో మొదలుపెట్టి, డబ్బు సర్దుబాటయ్యాక 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ జోడించాను. రెడ్ డెడ్ ఒక్కటే వంద జీబీ పైన మింగుతుంది.

ఎక్కడ కొనాలన్నది తరచూ అడుగుతారు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే రకాలు ఎక్కువ దొరుకుతాయి, బేరమూ ఆడొచ్చు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ అక్కడే కొన్నాను. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం హనుమకొండలోనే తీసుకున్నాను, కొన్ని వందలు ఎక్కువైనా సరే. ఏదైనా తేడా వస్తే సంచిలో వేసుకుని బండి మీద వెళ్లొచ్చు. ప్రాసెసర్ సీల్డ్ బాక్స్‌లో ఉన్నదే అడగండి. విడిగా ట్రేలో వచ్చేవాటికి చాలాసార్లు షాపువాళ్ల వారంటీ మాత్రమే ఉంటుంది. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లను లాగేసుకోవడమే దానికి పెద్ద కారణం. కాబట్టి ఇప్పుడు కట్టేవాళ్లు ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే అమ్ముకోకుండా ఏఎమ్4 (నా బోర్డులో ఉన్న ప్రాసెసర్ సాకెట్) బోర్డు మీదే వాడుకోండి. దాని తర్వాతి సాకెట్ ఏఎమ్5కి వెళ్తే డీడీఆర్5 కొనక తప్పదు. సెకండ్ హ్యాండ్‌లో 6600 దొరికితే బిల్లు చూసి, అమ్మేవాళ్ల ఇంట్లోనే ఏదైనా బరువైన ఆట అరగంట ఆడి, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు) టెంపరేచర్ గమనించి తీసుకోండి. కొత్తది కొనే స్తోమత ఉంటే ఇంటెల్ ఆర్క్ బీ580 చూడొచ్చు, 12 జీబీ మెమరీ ఉంది. దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వీలు) తప్పనిసరి, పాత బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేస్తేనే వస్తుంది. నా 8 జీబీ కార్డు కొన్ని కొత్త ఆటల్లో టెక్స్‌చర్లు మీడియంకు దించమని అడుగుతోంది. అయినా ఇంకో రెండు ఎండాకాలాలు దీంతోనే నడుపుతాను. ఆ తర్వాత కార్డు మార్చినా 200 వాట్ల లోపుదైతే ఇదే ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది.