మెక్సికోలో పద్నాలుగు రాత్రులు: నగరం, వహాకా ఇల్లు, కొండ ఊరు

హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర గడిపిన మూడు నెలల్లో కూరగాయల దుకాణంలోనూ, బస్సులోనూ, ఇంటి మరమ్మతుకు వచ్చినవారి నోటా స్పానిష్ వినీ వినీ, ఆ భాష మాట్లాడే దేశాన్ని ఒకసారి దగ్గరగా చూడాలన్న కోరిక నాకూ మా ఆవిడకూ కలిగింది. భారత పాస్‌పోర్టులో చెల్లుబాటు అయ్యే అమెరికా వీసా ఉన్నవారికి మెక్సికో వీసా వేరుగా అక్కర లేకపోవడంతో నిర్ణయం తేలికైంది. అక్టోబరు 22న మెక్సికో సిటీలో దిగి, నవంబరు 5న తిరుగు ప్రయాణమయ్యాం. ఈ పద్నాలుగు రాత్రుల్లో మూడు నగరంలోని హోటల్లో, తొమ్మిది దక్షిణాన ఉన్న వహాకా పట్టణంలో ఒక కుటుంబంతో, రెండు ఆ పట్టణానికి ఎగువనున్న కొండ గ్రామంలో గడిపాం. ఈ మూడు బసలను తూచి చెప్పాలని ఇది రాస్తున్నాను. గది ఎంత పెద్దది, మంచం ఎంత మెత్తన అన్నవాటికంటే, ఆ చోట ఎంతమందితో మాట కలిసిందన్నదే నాకు ముఖ్యమైన కొలత అని ముందే మనవి చేస్తున్నాను.

మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అరవై దాటిన వాళ్ళం కాబట్టి మొదటి రోజు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చింది; ఆ పూట విశ్రాంతికే కేటాయించుకోవడం మంచిది. సోకలో అనే ప్రధాన కూడలికి దగ్గరగా హోటల్ తీసుకోవడం వల్ల పెద్ద చర్చి, దాని పక్కనే తవ్వి తీసిన, స్పానిష్‌వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన అజ్టెక్‌ల ఆలయ శిథిలాలు నడక దూరంలోనే ఉన్నాయి. 1964లో ప్రారంభమైన జాతీయ మానవశాస్త్ర మ్యూజియానికి మాత్రం పూర్తి రోజు ఇవ్వాలి, సోమవారం సెలవన్నది మరచిపోకూడదు. మెట్రో టికెట్టు 5 పెసోలే. చదువు రానివారు కూడా గుర్తుపట్టేలా ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ ఉంటుంది, స్త్రీలకూ పిల్లలకూ ముందు పెట్టెలు ప్రత్యేకం. హోటల్ శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదస్థులు. కానీ వాళ్ళు చక్కని ఇంగ్లీషులో జవాబు చెప్పడం వల్ల మేము నేర్చుకున్న నాలుగు స్పానిష్ ముక్కలూ నోట్లోనే ఉండిపోయాయి. అర్ధరాత్రి దాకా వీధి చప్పుడు ఆగదు. అక్కడ రెండు రాత్రులు చాలు.

వహాకాకు తూర్పు బస్ టెర్మినల్ నుంచి మొదటి తరగతి బస్సులో సుమారు ఏడు గంటలు పట్టింది. సీటు నంబరు, సామానుకు చీటీ, లోపలే మరుగుదొడ్డి, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. విమానంలో గంటలో చేరవచ్చుగాని, నిలువెత్తు స్తంభాల్లాంటి నాగజెముడు చెట్లతో నిండిన కొండల మధ్య సాగే ఆ దారిని పగటిపూట చూడకపోతే ఆ ప్రాంతం స్వభావం తెలియదని నా అభిప్రాయం.

ఇక భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్పానిష్ ఉచ్చారణ తెలుగువాడికి కష్టం కాదు. అ, ఎ, ఇ, ఒ, ఉ అనే అచ్చులే వాళ్ళవీను. ఇంగ్లీషు అలవాటు కొద్దీ ‘ట’, ‘డ’ అనకుండా మన ‘త’, ‘ద’ పలికితే సరిపోతుంది. కష్టమంతా మర్యాదలో ఉంది, ఆ మర్యాద కూడా మనకు కొత్తది కాదు. మన ‘నువ్వు’, ‘మీరు’ లాగానే వాళ్ళకు ‘తూ’, ‘ఉస్తేద్’ ఉన్నాయి. దుకాణంలోకి వెళ్ళి నేరుగా ధర అడిగితే మొరటుతనం. ముందు ‘బ్వేనోస్ దియాస్’ అని పలకరించి, అవతలివారు తిరిగి పలకరించాకే పని ఎత్తుకోవాలి. పిలిస్తే ‘ఏమిటి’ అనరు, ‘మాందే’ అంటారు, అంటే ‘ఆజ్ఞాపించండి’ అని. భోజనశాలలో లేచి వెళ్ళేటప్పుడు పక్క బల్ల దగ్గర తింటున్న ముక్కూ మొహమూ తెలియనివారికి కూడా ‘ప్రోవేచో’ అని చెప్పి, తిన్నది ఒంటబట్టాలని కోరతారు. మొదటి మూడు రోజులు ఈ పలకరింపులు లేకుండా పనులు చక్కబెట్టుకున్న మాకు ముక్తసరి జవాబులే వచ్చాయి. నాలుగో రోజు నుంచి పద్ధతి మార్చుకున్నాక అదే రకం అంగళ్ళలో మా ఊరు, పిల్లలు, మా ఆవిడ కట్టుకున్న చీర, అన్నీ అడిగి తెలుసుకున్నారు.

వహాకాలో విదేశీయులకు స్పానిష్ నేర్పే బడులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక బడి ద్వారానే మాకు కుటుంబ బస కుదిరింది; నాలుగు రోజులు ఉదయం పూట మూడు గంటలసేపు పాఠం, ఇంట్లో ఒక గది, పొద్దుటి ఫలహారం. హోటల్‌తో పోలిస్తే ఖర్చు సగానికి కొంచెం ఎక్కువ. లోపాలు కూడా చెప్పాలి. స్నానాల గది ఇంట్లోవాళ్ళతో కలిపి వాడుకోవాలి. ఊళ్ళో నీటి కొరత ఉన్నందున ట్యాంకర్ తెప్పించుకుంటారు. వేడినీళ్ళు వచ్చేదాకా పారే చన్నీళ్ళను బకెట్టులో పట్టి మొక్కలకు పోయమని మొదటి రోజే చెప్పారు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసిన అనుభవం ఉన్నవాళ్ళం కాబట్టి అందులో మాకు ఇబ్బందేమీ తోచలేదు. తలుపు వేసుకుని ఒంటరిగా ఉండాలనుకునేవారికి మాత్రం ఈ ఏర్పాటు నప్పదు.

ఆ ఇంటి వంటగది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తెల్లవారుజామున ఇంటావిడ పొయ్యి మీద మట్టి కూజాలో నీళ్ళు కాచి, కోకో ఉండలు వేసి, చెక్కిన కొయ్య కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పేది. దాన్ని వాళ్ళు మొలినీయో అంటారు. మజ్జిగ చిలికే కవ్వానికి తాడు తీసేస్తే అచ్చం అదే. నురగ కూజా అంచు దాకా పొంగాకే గిన్నెలో పోసి, పక్కన గుడ్డు సొన కలిపి చేసిన రొట్టె పెట్టేది. పాలు లేని, నీళ్ళతో చేసిన ఆ చాక్లెట్ పానీయం మొదట పలచగా తోచినా, రొట్టె ముంచుకుని తినడం తెలిశాక మా ఇద్దరికీ అలవాటైపోయింది. మూలన మూడు కాళ్ళ మీద ఏటవాలుగా నిలిచిన మెతాతే అనే నూరుడు రాయి ఉండేది. మా ఆవిడ దాన్ని చూడగానే మోకాళ్ళ మీద కూర్చుని, సన్నికల్లు మీద నూరినట్టు ఎండుమిరపకాయలు నూరి చూపించింది. ఆ రోజు నుంచి ఆమెను అతిథిగా చూడడం మానేశారు. మొక్కజొన్నలను సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, ఉదయం బకెట్టులో పోసుకుని వీధి చివర పిండి మరకు తీసుకువెళ్ళే పని ఆ తర్వాత ఇద్దరూ కలిసే చేశారు.

మా ఆవిడ శాకాహారి. ఆమెలాంటివారికి ఈ సంగతి తెలియడం అవసరం. ‘కార్నే’ (మాంసం) వద్దంటే సరిపోదు, ఆ మాటకు చాలామంది గొడ్డుమాంసం, పందిమాంసం అనే అర్థం చెప్పుకుంటారు, కోడిని లెక్కలోకి తీసుకోరు. పెనం మీద కాల్చే మొక్కజొన్న రొట్టె మెమెలా, అప్పడమంత పలచగా పళ్ళెమంత వెడల్పుగా ఉండే త్లాయుదా, రెండింటి మీదా ఆసియెంతో అనే పందికొవ్వు మడ్డిని పూస్తారు. చిక్కుళ్ళ ముద్దలో కూడా కొవ్వు ఉండవచ్చు. అందుచేత ‘సిన్ ఆసియెంతో, సిన్ మాంతేకా’, అంటే ఆ మడ్డీ వద్దు, కొవ్వూ వద్దు అని పెనం దగ్గరే నిలబడి చెప్పాలి. అలా చెబితే ఎవరూ విసుక్కోలేదు. మార్కెట్‌లో ఒక పెద్దావిడ పెనాన్ని శుభ్రంగా తుడిచి, మళ్ళీ కొత్తగా కాల్చి ఇచ్చింది. కారం విషయంలో మనకు బెంగ అక్కర లేదు. మిరప పుట్టినిల్లే ఆ దేశం. పచ్చిగా ఉన్నప్పుడు పోబ్లానో అన్న కాయను ఎండాక ఆంచో అంటారు, పొగబెట్టి ఎండించిన హలపెన్యోను చిపోత్లే అంటారు. మన సపోటా పేరు కూడా అక్కడి నావాత్ల్ భాషలోని ‘త్సాపోత్ల్’ నుంచి స్పానిష్ మీదుగా వచ్చినదే.

వహాకాలో డబ్బు వృథా అయిందంటే అది ఒక్క రోజు యాత్రలోనే. కూడలిలో అమ్మే ఒక ప్యాకేజీ కొన్నాం. తూలే అనే ఊరిలోని మహావృక్షం, మిత్లా అనే చోటి ప్రాచీన శిథిలాలు, కొండ మీది నీటి ఊటలు అన్నీ ఒకే రోజు చూపిస్తామన్నారు. సున్నం లేకుండా, చెక్కిన రాతి ముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి ముగ్గుల్లాంటి అల్లికలు తీర్చిన మిత్లా గోడల దగ్గర ఇరవై నిమిషాలే ఇచ్చి, మద్యం అమ్మే దుకాణంలో గంటకు పైగా కూర్చోబెట్టారు. అడిగితే కార్యక్రమం అంతేనన్నారు. మీరు వెళితే ఆ ప్యాకేజీలు కొనకండి. నలుగురు కలిసి ఎక్కే షేర్ టాక్సీలు చవకగా దొరుకుతాయి.

తర్వాత తెయోతిత్లాన్ దెల్ వాయే అనే నేతగాళ్ళ ఊరికి మేము అలాగే వెళ్ళాం. ఆ ఊరివాళ్ళు తమలో తాము సపోతెక్ భాష మాట్లాడుకుంటారు. 2003 నాటి భాషా హక్కుల చట్టం ఇలాంటి స్థానిక భాషలను కూడా జాతీయ భాషలుగా గుర్తించింది. మన గుంట మగ్గంలా కూర్చుని కాకుండా, వాళ్ళు నిలబడి కాళ్ళతో పలకలు తొక్కుతూ ఉన్ని పేకతో తివాచీలు నేస్తారు. అక్కడ ఒక నేతగాడు నాగజెముడు ఆకు మీద తెల్లని బూజులా అంటుకున్న పురుగును గోటితో తీసి నా అరచేతిలో నలిపాడు. ముదురు ఎరుపు రంగు చిమ్మింది. దాని మీద నిమ్మరసం పిండగానే నారింజ ఛాయ వచ్చింది, వంట సోడా చిటికెడు వేయగానే ఊదా అయింది. స్పానిష్ పాలకుల కాలంలో ఈ పురుగు రంగే మెక్సికో నుంచి యూరప్‌కు వెళ్ళిన అతి విలువైన సరుకుల్లో ఒకటి. ఆ మరక నా చేతి గీతల్లో రెండు రోజులు ఉంది. పట్టణంలోని అంగడి కంటే తక్కువ ధరకు అక్కడే ఒక చిన్న తివాచీ కొన్నాం. నేసినవారికే డబ్బు అందిందన్న తృప్తి అదనం.

కొండ గ్రామం పేరు కువాహిమొలోయాస్. సుమారు 3,200 మీటర్ల ఎత్తున, పైన్ అడవుల మధ్య ఉంది. ఎనిమిది గ్రామాలు కూటమిగా ఏర్పడి ఈ అడవినీ, యాత్రికుల కుటీరాలనూ తామే నిర్వహించుకుంటున్నాయి. సాయంత్రం ఒక వ్యక్తి కట్టెల మోపు తెచ్చి కుటీరంలో నెగడు రాజేసి వెళ్ళాడు. మర్నాడు అడవి దారిలో మాకు తోడు వచ్చింది కూడా ఆయనే. ఆ పని గ్రామసభ తనకు అప్పగించిన వంతు అని, దారులు బాగు చేయడం, బడి కట్టడం లాంటివి ఇంటికొకరు చొప్పున వచ్చి కూలి లేకుండా చేస్తారని, దాన్ని తెకియో అంటారని చెప్పాడు. మన పల్లెల్లో శ్రమదానం ఎవరికి వీలైతే వారు చేసేది. అక్కడ అది తప్పనిసరి బాధ్యత, ఊరిలో మనిషిగా నిలబడే హక్కు దానితో ముడిపడి ఉంది. రాత్రి చలి మాత్రం ఎముకలు కొరికింది, నాలుగు దుప్పట్లు చాలలేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు అక్కడికి వెళ్ళే ముందు ఆలోచించుకోవాలి. నడవగలిగినవారికి మాత్రం మూడు బసల్లో దీన్నే ముందు చెబుతాను, అయితే కనీసం కొంత స్పానిష్ వచ్చాకే, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషు దాదాపు వినపడదు.

కొండ దిగి వచ్చేసరికి వహాకా అంతా బంతిపూలు. లారీల కొద్దీ దిగుతున్నాయి. మనం దసరాకు గుమ్మాలకు కట్టే ఆ పువ్వు కూడా మెక్సికోదే. వాళ్ళ పేరు సెంపసూచిల్. ఆ పూలు చనిపోయినవారి పండుగ కోసం. పోయిన పిల్లల కోసం నవంబరు 1న, పోయిన పెద్దల కోసం 2న ఇంట్లో పీఠం కట్టి, నీళ్ళు, ఉప్పు, ధూపం, రొట్టె, వాళ్ళు బతికుండగా ఇష్టపడి తిన్నవి పెడతారు. మనకు మహాలయ పక్షంలో, సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునే ఆచారం ఉందని నాకు వచ్చిన స్పానిష్‌లో ఇంటావిడకు చెప్పాను. ఆమె కాసేపు విని, ‘మరి మీ నాన్నగారి ఫోటో ఏదీ?’ అని అడిగింది. ఫోనులో ఉందన్నాను. వీధి మలుపులో ఉన్న పుస్తకాల దుకాణానికి వాళ్ళబ్బాయిని తోడిచ్చి పంపి, అచ్చు వేయించి, తన తల్లిదండ్రుల పటాల పక్కన మా నాన్నగారి పటం కూడా నిలబెట్టింది. ఆయన పేరు అడిగి, దానికి ముందు మన ‘గారు’ లాంటి ‘దోన్’ చేర్చి, రెండు మూడు సార్లు సరిగ్గా పలికే దాకా నాచేత చెప్పించుకుంది. ఏం ఇష్టమని అడిగింది. కాఫీ అన్నాను. చిన్న మట్టి గిన్నెలో కాఫీ తెచ్చి పటం ముందు పెట్టబోతూ ఆగి, ఆయన పంచదార ఎన్ని చెంచాలు వేసుకునేవారని అడిగింది. రెండు అని చెప్పాను.