పాత కంప్యూటర్ మాన్యువల్ కొనేటోళ్ళు జర పైలం

"ఒరిజినల్ సర్వీస్ మాన్యువల్, సర్క్యూట్ షీట్లతో సహా" అని, అంటే రిపేరు పుస్తకం, లోపలి వైరింగ్ బొమ్మలతోటి అని, మన గ్రూపులల్ల రోజూ ఫొటోలు పెట్టి అమ్మేటాయన ఎరికే కదా అందరికి, ఆయన దగ్గర ఎవ్వరు కొనకుండ్రి. 3,200 పోయినయ్ నావి, ఇయ్యాల పొద్దుగాలనే పార్సిల్ వచ్చింది, కోపంతోటి ఇంక చేతులు వణుకుతనే ఉన్నయ్.

నా దగ్గరున్నది బిబిసి మైక్రో మోడల్ బి అనే పాత కంప్యూటర్, 1984ల క్లాస్ (CLASS) అని బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే సర్కారు ప్రాజెక్టు కింద బడులకు ఇచ్చిన మిషన్లు అవే, మా నల్లగొండల తుక్కు సామాన్ల దొరికింది. ఆన్ చేస్తే ముందు లావు సౌండొకటి, ఎంటనే సన్నగ బీప్ రావాలె. దీనికి ఆ మొదటి సౌండే ఆగకుంట మోగుతుంది, అంటే రీసెట్ కాడనో, రోమ్ (ప్రోగ్రాం ఉండే చిప్పు) కాడనో, 16 మెమరీ చిప్పులల్ల ఏదో ఒక దాంట్లనో తేడా ఉన్నట్టు. సర్క్యూట్ షీటు లేకుంట చెక్ చేసే ప్రోబ్ ముల్లు ఏ పిన్ను మీద పెట్టాలె?

పార్సిల్ ఇప్పితే స్పైరల్ బైండింగ్ జిరాక్సు. సరే, జిరాక్సైతే ఏంది అనుకున్న. సర్క్యూట్ పేజీ తీసినంక పానం ఉసూరుమంది. పెద్ద మడత షీటును రెండు ఎ4 ముక్కలు జేసిండు, నడుమ రెండు వేళ్ళంత పట్టీ లేనే లేదు, గీతలు ఈ కాయితం అంచుకు తెగి ఆ కాయితంల ఇంకెక్కడో మొదలైతున్నయ్. భూతద్దం పెట్టినా 8 ఏదో 3 ఏదో తెలుస్తలేదు.

ఫోన్ చేసిన, మర్యాదగనే, "అన్నా, నడుమ భాగం రాలే, అదొక్కటి ఫొటో తీసి పంపు చాలు" అన్న. దానికి ఆయన "ముందుగాల నీకు సర్క్యూట్ చదువనొస్తదా? రానోళ్ళకు గీతలన్ని తప్పుగనే కనవడ్తయ్" అన్నడు. 22 ఏండ్ల సంది టీవీలు బాగు చేస్తున్న నేను, క్లాక్ టవర్ కాడ ఎవలనడిగినా చెప్తరు. మాట్లాడుతుంటెనే కట్ జేసిండు, మళ్ళ చేస్తే బ్లాక్. పైసలు పోయినదానికన్న ఆ మాటనే తిప్పుతుంది కడుపుల, పొద్దున్నుంచి అన్నం సయిస్తలేదు.

నా తప్పు కూడ ఉంది, అట్ట ఫొటో ఒక్కటి చూసి ముందే పైసలు కొట్టిన. సాయంత్రం మా అల్లుడు వెతికితే సర్వీస్ మాన్యువల్ స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ల ఫ్రీగ ఉంది, జూమ్ చేస్తే పిన్ను నంబర్లు కూడ కనవడ్తున్నయ్. కొనకముందు ఒక్కపారి వెతికితే అయిపోవు.

కాయితమే కావాలె అనుకుంటే మడత షీటు మొత్తం నేల మీద పరిచి ఫొటో పెట్టమనుండ్రి, మీ బోర్డు మీది ఇష్యూ నంబరు (బోర్డు ఎన్నో వెర్షనో చెప్పేది) షీటు నంబరుతోటి కలుస్తుందా చూడుండ్రి, నాది ఇష్యూ 7. ఇంకొకటి, పవర్ సప్లైల రీఫా కంపెనీ పాత కెపాసిటర్లు ఉంటే ప్లగ్గు పెట్టకముందే మార్చుండ్రి, పగిలి ఇల్లంత పొగైతది.